కుండీలో మట్టి ఎందుకు తగ్గదు?

చిరంజీవులు సింధు, చిన్నాలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నా అడిగాడు: "తాతయ్యా, మొక్క మట్టి తింటే కుండీ ఎందుకు ఖాళీ అవదు?" అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ బాకీ తీర్చడానికే ఈ ఉత్తరం.

దాదాపు 400 ఏళ్ల కిందట వాన్ హెల్మాంట్ అనే ఆయనకూ ఇదే అనుమానం వచ్చింది. ఎండబెట్టి తూచిన 200 పౌన్ల మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు మాత్రం పోశాడు. చెట్టు 169 పౌన్లయింది. మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులు, అంటే పిడికెడు! చెట్టంతా నీళ్లేనని తేల్చేశాడు పాపం. "గ్యాస్" అనే మాట పుట్టించిన మనిషే గాలిని లెక్కలోకి తీసుకోలేదు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లకు నాలుగు పాళ్లే. ఆకు దాన్ని కంటికి ఆనని రంధ్రాలతో పీల్చుకుని, వేర్లు పంపిన నీటితో కలిపి, ఎండ బలంతో చక్కెర తయారుచేసుకుంటుంది. మొక్కకు అదే అన్నం. ఎరువు అన్నం కాదు, కూరలో ఉప్పు వంటిది. కొంచెమే కావాలి, కానీ లేకపోతే కుదరదు. నత్రజని చాలకపోతే ముందు ముదురాకులు పసుపెక్కుతాయి. లేతాకుల కోసం మొక్క వాటి నుంచే లాగేస్తుంది మరి. ఇనుము అలా కదలదు, అందుకే అది చాలకపోతే లేతాకులు పాలిపోతాయి.

గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజనే. అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు! నిన్న చేలో ఒక వేరుశనగ మొక్కను తవ్వి తీసి, వేర్లు బకెట్టు నీళ్లలో జాడించాను. ఆవగింజంత, మిరియమంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. మన రక్తానికి రంగునిచ్చే హీమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థం అందులో ఉంది. ఆ బుడిపెల్లో రైజోబియం అనే బాక్టీరియా కాపురం. మొక్క చక్కెర పెడుతుంది, అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తాయి. లోపల ఎరుపు పోయి ఆకుపచ్చగా మారిందంటే ఆ పని ఆగినట్టే. వరి నాట్లకు ముందు జీలుగ చల్లి, పూతకు వచ్చే వేళకు కలియదున్నేది ఈ నత్రజని కోసమే. మా నాన్నకు బాక్టీరియా పేరు తెలియదు, ఆ పని మాత్రం ఏ ఏడూ మానలేదు.

దసరాకు వస్తారుగా, మీరూ చిదిమి చూడండి. ఎన్ని మొక్కలు పీకితే అన్నిటి కాయలూ మీరే వలవాలని నానమ్మ షరతు.

ఇట్లు,
మీ తాతయ్య