కమాను పట్టీలో ఉక్కు మారితే ఏం మారుతుంది?

చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మెలు ఎత్తే లారీల కమానులు (లీఫ్ స్ప్రింగులు) వంపు పోయి కూర్చుంటే, "ఉక్కు మెత్తబడింది, గట్టిది వెయ్యాలి" అంటారు. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు గుణాలు కలిసిపోయాయి.

పట్టీ కొలతలు ఒకటే అయితే, ఎంత బరువుకు ఎంత వంగాలో తేల్చేది యంగ్ గుణకం. మామూలు ఇనప పట్టీకైనా ఖరీదైన క్రోమ్-వెనేడియం పట్టీకైనా అది దాదాపు ఒకటే, సుమారు 206 గిగాపాస్కల్స్. పదును పెట్టినా, అంటే కాల్చి ముంచి గట్టిపరచినా, పెరగదు. బిగువు కావాలంటే మందం పెంచాలి: 12 మి.మీ. పట్టీ బదులు 13 మి.మీ. వేస్తే బిగువు 27 శాతం పెరుగుతుంది.

ఉక్కును బట్టి మారేది వంగి మళ్ళీ లేవగలిగే హద్దు. మెత్తని ఇనుముకు అది 250 మెగాపాస్కల్స్. పదును చేసిన సప్-9 అనే స్ప్రింగు ఉక్కుకు కనీసం 1,080. లోపల దాచుకునే శక్తి ఈ హద్దు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి తేడా దాదాపు 19 రెట్లు.

సిలికాన్ ఎక్కువున్న సప్-6కూ, క్రోమియం ఉన్న సప్-9కూ, వెనేడియం కలిసిన సప్-10కూ జపాన్ ప్రమాణం అడిగే కనీస హద్దు అదే 1,080. మరి ధర తేడా ఎందుకు? మందం వల్ల. క్రోమియం ఉంటే మందపు పట్టీ నడిమి దాకా పదునెక్కుతుంది. సిలికాన్ ఉక్కు తొందరగా కుంగదు, కానీ కొలిమిలో దాని పైపొర కార్బన్ కాలిపోయి మెత్తబడుతుంది. పదే పదే వంగడం వల్ల వచ్చే అలసట పగుళ్ళు పుట్టేది అక్కడే.

సప్-9ను 830–860 డిగ్రీల దగ్గర నూనెలో ముంచి, 460–510 దగ్గర టెంపర్ చెయ్యాలి, అంటే పెళుసుతనం తగ్గేలా మళ్ళీ వేడిచెయ్యాలి. నీళ్ళలో ముంచితే పగలొచ్చు. టెంపరింగ్‌కు రంగును నమ్మకూడదు: నీలిరంగు 300 దగ్గరే వచ్చేస్తుంది, ఆపైన అంతా బూడిద రంగే. వేడిని కొలిచే థర్మోకపుల్ తప్పనిసరి. కూర్చున్న పట్టీని గ్యాసుతో ఎర్రగా కాల్చి, సుత్తితో వంపు తెచ్చి గాలికి ఆరబెడితే చూపుకు బాగానే ఉంటుంది. హద్దు మాత్రం పడిపోయింది, లోడెక్కగానే మళ్ళీ కూర్చుంటుంది. విరిగినదాన్ని వెల్డింగ్ చేస్తే ఆ అతుకు పక్కనే ఉక్కు పెళుసెక్కి విరుగుతుంది.

పట్టీలన్నిటినీ నడిమిలో కలిపే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర పట్టీ విరిగిందా? ఉక్కును అనుమానించే ముందు, కమానును ఇరుసుకు కట్టే యూ-బోల్టుల బిగింపు చూడండి. అవి వదులైతే, కదలకూడని ఆ చోటు కూడా వంగడం మొదలుపెడుతుంది. విరిగిన ముఖం మీద నున్నగా, అర్ధచంద్రాకారపు గీతలు కనిపిస్తే పగులు చాలా రోజులుగా పాకుతూ వచ్చినట్టు. ఆ గీతలు ఏ మూల దగ్గర చిన్నవవుతున్నాయో, పగులు పుట్టింది ఆ మూలనే.