ఎడ్డీ టోన్, శాట్రియాని వేళ్లు: తగువు మొదలైంది 1978లో కాదు, 1986లో

మళ్లీ అదే తగువు రాజుకుంది. వేదిక మీద వాన్ హేలెన్ రాక్ బృందంలో ఒకప్పటి గాయకుడు సామీ హేగర్, బేస్ గిటారిస్టు మైకేల్ ఆంథోనీ ఆ బృందం పాటలు పాడుతుంటారు, గిటార్ మాత్రం జో శాట్రియాని చేతిలో ఉంటుంది. 2024 జులైలో ఫ్లోరిడాలో మొదలైన పర్యటన వీడియోలు గానీ, మరుసటి ఏడాది లాస్ వేగస్‌లో వరసగా జరిగిన ప్రదర్శనల వీడియోలు గానీ ఎవరైనా బయటికి తీశారంటే చాలు, గిటార్ ప్రియులు రెండు జట్లయిపోతారు. ఆ బృందం గిటారిస్టు, ఇప్పుడు లేని ఎడ్డీ వాన్ హేలెన్ టోన్ (గిటార్ పలికే తీరు) అచ్చంగా దిగిందంటుంది ఒక జట్టు. స్వరాలు సరిగ్గానే ఉన్నాయి గానీ ఆ టోన్ ఇది కాదంటుంది రెండోది. అనేవాళ్లంతా 1978 నాటి తొలి ఆల్బమ్‌నే కొలబద్దగా పట్టుకుంటారు. తగువు తెగకపోవడానికి అసలు కారణం అదే. శాట్రియాని గురిపెట్టింది ఆ టోన్‌కి కాదు.

పాసడీనా కుర్రాడు ఎడ్డీ గిటార్‌ను ముక్కలు చేసి మళ్లీ అతికించుకున్న కథ, రెండు చేతులతో ఫ్రెట్‌బోర్డు మీద వాయించిన కథ అందరికీ కంఠతా వచ్చినవే కనుక వాటిని వదిలేద్దాం. ఆ రోజుల నుంచి ఇప్పటి తగువుకు పనికొచ్చే సంగతులు రెండే రెండు.

మొదటిది వోల్టేజి. మార్షల్ సూపర్ లీడ్ వంద వాట్ల యాంప్‌కి (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) ఎడ్డీ వేరియాక్ (వోల్టేజి పెంచి తగ్గించే పరికరం) తగిలించి వాడేవాడు. కరెంటును 140 వోల్టుల దాకా పెంచుతానని మొదట్లో చెప్పాడు. నమ్మి అలా చేసినవాళ్ల యాంప్‌లు కాలిపోయాయి. అసలు చేసింది అందుకు పూర్తిగా ఎదురు. అమెరికా ఇళ్లలో వచ్చే 120 వోల్టులను 90 దరిదాపులకు దించేవాడు. దాంతో చప్పుడు కాస్త తగ్గేది, యాంప్‌లోని వాల్వులు (గాజు గొట్టాలు) మాత్రం పూర్తి స్థాయిలో చిట్లినట్టు పలికేవి. పోటీదారులను దారి తప్పించడానికే అలా చెప్పానని తర్వాత ఒప్పుకున్నాడు. (మన దగ్గర 230 వోల్టులు కనుక 90 అనే అంకెను ఇక్కడ ఎవరూ గుడ్డిగా పట్టుకోకూడదు. ఆ లెక్కన మనకు 170 చిల్లర అవుతుంది.)

రెండోది ఎకో ఉన్న చోటు. అప్పట్లో ఎకోప్లెక్స్ (ప్రతిధ్వని పుట్టించేది), ఫేజర్ (శబ్దాన్ని అలలా తిప్పేది) లాంటివన్నీ గిటార్‌కీ యాంప్‌కీ మధ్యలో ఉండేవి. అంటే ప్రతిధ్వని కూడా మార్షల్ లోపలికే వెళ్లి, మిగతా శబ్దంతో కలిసి చిట్లి బయటికొచ్చేది. ఇక స్టూడియోలో ఇంజనీరు డాన్ లాండీ గిటార్‌ను ఎడమ స్పీకర్‌కీ, దాని రీవెర్బ్‌ను (గదిలో వినిపించే మారుమోత) కుడి స్పీకర్‌కీ పంపాడు. తొలి ఆల్బమ్‌లో మనం ఇష్టపడే ఆ విశాలత్వంలో యాంప్ పాత్ర సగమే, మిగతాది లాండీ పనితనం. వేదిక మీద వాయించినప్పుడు ఆ సగం ఉండేది కాదు. ఆ మాటకొస్తే, 1978 నాటి టోన్ వేదిక మీద ఎడ్డీకే పూర్తిగా దొరకలేదు.

ఇక 1986కి వద్దాం.

అంతకు ముందు ఏడాదే బృందం గాయకుడు డేవిడ్ లీ రాత్ వెళ్లిపోయి హేగర్ వచ్చాడు. అప్పటిదాకా ఆల్బమ్‌లన్నీ చేసిన నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ రాత్ వెంట వెళ్లాడు. ఎడ్డీ తన ఇంటి ఆవరణలో కట్టుకున్న 5150 స్టూడియోలోనే, ఆ స్టూడియో పేరుతోనే కొత్త ఆల్బమ్ వచ్చింది. బృందానికి బిల్‌బోర్డ్ మొదటి స్థానం దక్కడం అదే తొలిసారి. చరిత్ర రాసేవాళ్లు ఇక్కడ గాయకుడు మారడం మీద పేజీలకు పేజీలు నింపుతారు. ఆ ఏడాది గిటార్ శబ్దంలో వచ్చిన మార్పు అంతకంటే పెద్దదని నా అభిప్రాయం.

1980ల మధ్యకు వచ్చేసరికి ఎడ్డీ మార్షల్ నేరుగా స్పీకర్లను మోగించడం మానేసింది. దాని అవుట్‌పుట్ పెద్ద రెసిస్టర్ ఉన్న లోడ్ బాక్స్‌లోకి వెళ్లేది. శక్తిలో చాలా భాగం అక్కడ వేడిగా పోయేది. మిగిలిన సన్నని సిగ్నల్ ర్యాక్‌లోని (పరికరాలు పేర్చిన అర) డిలే (ప్రతిధ్వని), రీవెర్బ్, హార్మనైజర్ల గుండా నడిచి, వేరే పవర్ యాంప్‌లలో మళ్లీ పెద్దదై స్పీకర్లకు చేరేది. ఇప్పుడు ప్రతిధ్వని చిట్లిన శబ్దం తర్వాత చేరుతోంది కనుక అది శుభ్రంగా, విడిగా వినిపిస్తుంది. దానికి తోడు ఈవెంటైడ్ హార్మనైజర్లు. ఒకటి శ్రుతిని పిసరంత పైకి, మరొకటి పిసరంత కిందికి జరిపి రెండు పక్కలకూ పంచేవి. తొలి ఆల్బమ్‌లో ఒక పక్కన నిలబడి వాయించినట్టున్న గిటార్ ఇప్పుడు హాలంతా పరుచుకుంది.

పాత టోన్ ప్రేమికులు దీన్ని పతనంగానే చూశారు. మెరుపు పెరిగింది, కండ తగ్గింది అన్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. అయితే ఆ మార్పు వల్ల ఒకటి జరిగింది. టోన్ అంటే ఒక యాంప్‌లో, ఒక సాయంత్రం, ఒక వేరియాక్ అంకె దగ్గర కుదిరే అదృష్టంగా ఉండేది. అది విడదీసి చూడగల వరసగా మారింది: ఇక్కడ చిట్లుతుంది, ఇక్కడ వెడల్పవుతుంది, ఇక్కడ పెద్దదవుతుంది. విడదీయగలిగినదాన్ని మళ్లీ పేర్చవచ్చు, ఇంకొకరు కూడా పేర్చవచ్చు.

అదీకాక ఆ టోన్‌కు సాక్ష్యం మిగిలింది. 1986 ఆగస్టు 27న కనెటికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లో జరిగిన కచేరీని పూర్తిగా చిత్రీకరించి ‘లైవ్ వితౌట్ ఎ నెట్’ పేరుతో విడుదల చేశారు. రాత్ ఉన్న రోజుల్లో ఈ స్థాయిలో అధికారికంగా బయటికొచ్చిన పూర్తి కచేరీ వీడియో లేదు. వేదిక మీద ఎడ్డీ టోన్ ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో ఉన్నది న్యూహేవెనే.

ఎడ్డీ 2020 అక్టోబర్ 6న కన్నుమూశాడు. ఆ తర్వాత ఎడ్డీ అన్న, బృందం డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్, రాత్ కలిసి నివాళి పర్యటన తలపెట్టి శాట్రియానిని అడిగారు. ఆ సంగతి 2022లో బయటపడింది గానీ పర్యటన జరగలేదు. ఎడ్డీ కొడుకు వుల్ఫ్‌గ్యాంగ్ మాత్రం 2022 సెప్టెంబర్‌లో ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ స్మారక కచేరీల్లో తండ్రి పాటలు వాయించి, అంతటితో ఆ అధ్యాయం ముగించాడు. చివరికి శాట్రియానికి ఆ పని హేగర్ పిలుపుతో దక్కింది.

ఇతరుల కుర్చీలో కూర్చోవడం శాట్రియానికి కొత్త కాదు. 1993 చివర్లో గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ అర్ధాంతరంగా తప్పుకుంటే డీప్ పర్పుల్ బృందంతో జపాన్ వెళ్లి వాయించాడు. ఈసారి చిక్కు వేరు. ఒకే రాత్రి రాత్ కాలపు పాటలూ, హేగర్ కాలపు పాటలూ వాయించాలి. ఎడ్డీ వాడిన యాంప్‌లు మాత్రం మారుతూ వచ్చాయి. 1991 ఆల్బమ్‌లో సోల్డానో యాంప్ వినిపిస్తుంది, 1992లో పీవీ కంపెనీతో 5150 యాంప్ వచ్చింది, 2007లో సొంత ఈవీహెచ్ పేరుతో మూడో తరం. పాటకో యాంప్ మార్చడం కుదిరే పని కాదు. శాట్రియాని న్యూహేవెన్ టోన్‌ను లక్ష్యంగా పెట్టుకుని, థర్డ్ పవర్ కంపెనీకి చెందిన డిలానా స్కాట్‌తో ప్రత్యేకంగా యాంప్ కట్టించుకున్నాడు. దానికి డ్రాగన్ అని పేరు. తన పేరున మార్షల్ చేసిన యాంప్ ఉండి కూడా ఆయన ఈ దారి పట్టాడు. అభిమానంతో మాత్రమే అయితే 1978 వెంటే పడేవాడు. 1986 సరిగ్గా మధ్యలో ఉంది. వెనక్కి వంచితే పాత పాటలకు సరిపోతుంది, ముందుకు నెడితే తర్వాతి వాటికీ సరిపోతుంది.

రెండో జట్టు వాదన ఏమిటంటే, టోన్ అంతా వేళ్లలోనే ఉంది, పెట్టెల్లో లేదు. ఇందుకు గిటారిస్టు టెడ్ నూజెంట్ చాలాసార్లు చెప్పుకున్న కథ ఉదాహరణ. వాన్ హేలెన్ తన కచేరీలకు ముందు వాయించే రోజుల్లో, సౌండ్ చెక్ దగ్గర ఎడ్డీ గిటార్, ఎడ్డీ యాంప్ తీసుకుని వాయిస్తే తీరా వినిపించింది నూజెంటేనట. వీణ మారినా బాణీ మారదని మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ కథ రుజువు చేసేది వాయించేది ఎవరో పోల్చుకోవచ్చునని మాత్రమే. యాంప్ ఏదైనా ఒకటేనని అది రుజువు చేయదు. పెట్టెలతో పనే లేకపోతే ఎడ్డీ ఆ 140 వోల్టుల అబద్ధం ఆడాల్సిన అవసరమేంటి?

డ్రాగన్‌తోనూ తేడా మిగులుతుంది, దానికి వినదగ్గ కారణాలున్నాయి. ఎడ్డీ ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జిని (తీగలు ఆనే భాగం, కడ్డీతో వంచి శ్రుతి మార్చవచ్చు) గిటార్ చెక్కకు ఆనించి పెట్టేవాడు. కడ్డీ కిందికే వంగేది, పైకి లేచేది కాదు. శాట్రియాని ఐబనేజ్ గిటార్ మీద బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతుంటుంది, రెండు వైపులా కదులుతుంది. తీగ కంపనం చెక్కలోకి దిగే తీరే వేరవుతుంది. శాట్రియాని స్వరాలను ఎడమచేతి వేళ్లతో ఒకదాన్నుంచి మరోదానికి జారుస్తూ కలుపుతాడు. ఎడ్డీ కుడిచేయి పిక్‌తో (తీగ మీటే బిళ్ల) తీగను కొరికినట్టు పట్టేది. ఆ కొరుకుడు ఏ యాంప్‌లోనూ పుట్టదు. ఆ మేరకు వేళ్ల జట్టుకు మార్కులు వేయాల్సిందే.

కానీ వాళ్లు పక్కపక్కన పెట్టి వినిపిస్తున్నవేమిటో కూడా చూడాలి. ఒక పక్క 1978 ఆల్బమ్ కోసం సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో లాండీ రెండు స్పీకర్లకు పంచిన గిటార్. మరో పక్క ప్రేక్షకుల్లో ఎవరో ఫోన్‌లో పట్టిన శబ్దం, అందులో హాలు ప్రతిధ్వని, జనం అరుపులు, బేస్ గిటార్ అన్నీ కలగలిసి ఉంటాయి. న్యూహేవెన్ టేపులోని పాటనే తీసుకుని, లాస్ వేగస్‌లో సౌండ్ బోర్డు (శబ్దాలన్నీ కలిపే మిక్సర్) నుంచి వచ్చిన అదే పాట పక్కన పెట్టి వింటే, తేడా చాలామంది అనుకున్న చోట ఉండదు. వెడల్పు దాదాపు దిగింది, చిట్లడం దిగింది. దిగనిది స్వరం మొదలయ్యే తొలి క్షణంలో, పిక్ తీగను తాకే చోట ఉంది.