ఆగకూడని ఓడ

పెరంబూరు, చెన్నై

చిరంజీవులు లహరికి, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మెరీనాలో దూరంగా లంగరు వేసి ఉన్న ఓడలు చూసి, "మీ ఓడ కూడా ఇలాగే ఆగేదా తాతయ్యా?" అని అడిగావు కదా కార్తీక్. పని జరుగుతున్నంతకాలం మా ఓడ ఆగకూడదురా.

మాది సైస్మిక్ సర్వే ఓడ. సముద్రం అడుగున రాతిపొరల్లో చమురు, గ్యాస్ ఎక్కడ ఉండొచ్చో తెలుసుకోవడానికి నీళ్లలోకి పెద్ద శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని రికార్డు చేస్తారు. దాన్ని పట్టే హైడ్రోఫోన్లు, అంటే నీళ్లలో పనిచేసే మైకులు, ఓడ వెనక లాగే కేబుళ్లలో ఉంటాయి. ఒక్కో కేబుల్ 6 నుంచి 8 కిలోమీటర్లు, అంటే మెరీనా ఈ చివర నుంచి ఆ చివరిదాకా! అలాంటివి పది దాకా పక్కపక్కనే వస్తుంటాయి. ఓడ లాగుతున్నంతసేపే అవి వరసలో ఉంటాయి, ఆగితే ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అందుకే గంటకు 8, 9 కిలోమీటర్ల చొప్పున రాత్రీపగలూ నడవాల్సిందే. ఒక లైను, అంటే సర్వే చేసే తిన్నని దారి ఒకటి, పూర్తయ్యాక వెనక్కి తిరగడానికే గంటలు పడుతుంది. డీజిల్ కూడా నడుస్తూనే మరో ఓడ నుంచి పట్టుకుంటాం.

ఆర్కిటిక్‌లో ఈ పని చాలాచోట్ల వేసవిలో, మంచు వెనక్కి తగ్గిన ఆ కొద్ది నెలల్లోనే. ఒక్క మంచుదిమ్మ కేబుళ్ల మధ్యకి వచ్చినా టెన్షనే, మేం చటుక్కున పక్కకి తిరగలేం మరి. ముందు ఒక చిన్న ఓడ దారి చూస్తూ వెళ్తుంది. అర్ధరాత్రి కూడా ఎండే కాబట్టి, 12 గంటల షిఫ్టు దిగాక కిటికీకి నల్లతెర వేసుకుని పడుకునేవాళ్లం.

నా పని ఆ పెద్ద శబ్దం చేసే ఎయిర్‌గన్లతో. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 140 రెట్లు బిగించిన గాలిని అవి సుమారు పది సెకన్లకోసారి నీళ్లలోకి వదులుతాయి. ఇరవై, ముప్పై గన్లు ఒకేసారి పేలాలి. ఒకటి సెకనులో వెయ్యో వంతులు కొన్ని ఆలస్యమైనా కంప్యూటర్ మీద ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని డెక్ మీదికి లాగి విప్పితే, చాలాసార్లు తప్పు వేలి ఉంగరమంత రబ్బరు ఓ-రింగ్‌దే. గ్లౌజులతో దాన్ని పట్టుకోలేం, తీస్తే వేళ్లు కొయ్యబారతాయి. పాతది తీసి, గాడి శుభ్రంగా తుడిచి, గ్రీజు రాసి కొత్తది కూర్చోబెట్టేవాళ్లం. గాడిలో ఇసుకరేణువంత మట్టి మిగిలినా మళ్లీ గాలి కారుతుంది.

లహరీ, తిమింగలాల సంగతి అడిగావు. గన్లు మొదలుపెట్టే ముందు కనీసం అరగంట బ్రిడ్జి (ఓడను నడిపే పైగది) మీద నుంచి సముద్రాన్ని గమనించాలనేది చాలాచోట్ల నియమం. తర్వాత ఒక్కో గన్ కలుపుతూ శబ్దం మెల్లగా పెంచుతారు, దగ్గర్లో ఉన్నవి తప్పుకునేందుకు. 500 మీటర్లలోపు తిమింగలం కనబడితే ఆపేయమన్న చోట గన్లు ఆగుతాయి కానీ ఓడ ఆగదు. ఆ లైనులో తప్పిపోయిన భాగాన్ని తర్వాత మళ్లీ చేయాలి. ఖర్చు ఎక్కువే అయినా ఆ గంటలు దండగని నాకెప్పుడూ అనిపించలేదు.

కాకపోతే, అలాస్కా, కెనడాలకు ఉత్తరాన ఉన్న బోఫర్ట్ సముద్రంలో వలసపోయే బోహెడ్ తిమింగలాలు సర్వే ఓడకు సుమారు 20 కిలోమీటర్ల దూరం నుంచే పక్కకి తప్పుకోవడం పరిశోధకులు చూశారు. మంచు కింద చీకట్లో అవి బతికేది చెవుల మీదే. ఆ లెక్కన 500 మీటర్ల హద్దు వాటికి ఏమాత్రం చాలదు, దాన్ని పెంచి తీరాలి.

ఇట్లు,
తాతయ్య