పిండిబారిన యాపిల్‌లో రసం ఎక్కడికీ పోలేదు

గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఒంట్లో బాగోక మంచం పడితే, చూడ్డానికి వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రారు. బత్తాయిలు, యాపిల్ పళ్లు, ఓ బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొస్తారు. బత్తాయిలు రసం తీసి రోగికి ఇస్తారు. బ్రెడ్డు పిల్లల పాలవుతుంది. యాపిల్ పళ్లు మాత్రం నాలుగు రోజులు బల్ల మీద, ఆపైన ఫ్రిజ్ అడుగు అరలో ఉండిపోతాయి. శ్రావణమాసం నోములప్పుడూ, అయ్యప్ప పూజలప్పుడూ ఇదే వరస. తీరా ఓ రోజు కోస్తే పైన తొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే పిండి పిండిగా తగులుతుంది. రసం ఇంకిపోయిందని పక్కన పడేస్తారు.

రసం ఇంకిపోలేదు. కాస్త నీరు ఆవిరై ఉంటుంది గానీ, ఆ పండు బరువులో నూటికి ఎనభై పాళ్లు ఇంకా నీరే. అది మన నాలుక దాకా రావడం లేదంతే. ఎందుకు రావడం లేదో తెలిస్తే ఆ పళ్లను పారేయబుద్ధి కాదు. నెయ్యిలో మగ్గించి వెచ్చవెచ్చగా తినడానికి అవి ఎంత బాగుంటాయో కూడా తెలుస్తుంది.

యాపిల్ కండ అంతా సన్నటి కణాలు. ఒక్కో కణంలో రసం, దాని చుట్టూ పల్చని పొర, ఆ పొర బయట గట్టి గోడ. పక్కపక్క కణాల గోడల్ని కలిపి పట్టి ఉంచేది పెక్టిన్ అనే జిగురు పదార్థం. చెట్టు నుంచి కోసిన కొత్తలో ఈ జిగురు పట్టు గోడల బలం కంటే ఎక్కువ. కొరికితే కణాలు విడిపోలేవు, పగులుతాయి. కరకరమనే చప్పుడు ఆ పగలడానిదే, నోట్లోకి చిమ్మే రసం కూడా అందులోంచి వచ్చిందే. పండు నిలవున్న కొద్దీ దాని సొంత ఎంజైములే పెక్టిన్‌ను కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. పట్టు సడలుతుంది. అప్పుడు కొరికితే కణాలు పగలవు, వార్చిన అన్నం మెతుకుల్లా దేనికది విడిగా వచ్చేస్తాయి. ప్రతి కణంలోనూ రసం భద్రంగా ఉంటుంది, మన నోటికి మాత్రం పొడిగా తగులుతుంది.

వేడికి ఆ కణాలు తలొగ్గుతాయి. ముక్క లోపల వేడి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు చేరేసరికి కణం చుట్టూ ఉన్న పల్చని పొర పాడైపోతుంది, రసాన్ని ఆపేవాళ్లుండరు. అందుకే చుక్క నీరు పోయకుండా మూకుడులో వేసిన ముక్కలు కూడా ఐదు నిమిషాల్లో తమ నీటిలో తామే ఉడకడం మొదలెడతాయి. పళ్లు వాడడం తప్పనిసరై వండుకోమని చెప్పడం లేదు, నిలవున్న యాపిల్‌ను తినే సరైన దారే ఇదని నా నమ్మకం.

మనకు దొరికే యాపిల్ నిలవుది కాకుండా ఉండడం కష్టం కూడా. యాపిల్ చెట్టుకు చలికాలం నిద్ర కావాలి. చాలా రకాలకు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగిలితేనే వసంతంలో సరిగ్గా పూతకొస్తాయి. కోనసీమలో జనవరి రాత్రి కూడా 15 డిగ్రీల కిందకు దిగడం అరుదు. కొబ్బరి, అరటి, పనస విరగకాసే ఈ నేలలో యాపిల్ చెట్టుకు నిద్ర పట్టదు. దాని అసలు పుట్టిల్లు మధ్య ఆసియాలో, ఇప్పటి కజకిస్తాన్ వైపు ఉన్న తియాన్ షాన్ కొండలు. హిమాచల్‌లో తోటల వ్యాపారానికి ఊపిరి పోసింది శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్. 1910ల్లో ఆయన కోట్‌గఢ్ ప్రాంతానికి రెడ్ డెలీషియస్ రకం తెచ్చి నాటాడు. చూడ్డానికి ఎర్రగా అందంగా ఉండి, తొందరగా పిండిబారే గుణమున్న రకం కూడా అదే. అమలాపురం బజారులో బండి మీద "కాశ్మీరువండీ, తేనెలా ఉంటాయండి" అంటూ అమ్మే పండు లారీల్లో, శీతల గిడ్డంగుల్లో ఎన్ని వారాలు గడిపిందో అమ్మే మనిషికీ తెలియదు. ఆక్సిజన్ బాగా తగ్గించిన చల్లటి గదుల్లో యాపిల్ నెలల తరబడి నిద్రాణంగా ఉంటుంది. బయటకు తీసి మన ఉక్కపోతలో పెట్టగానే ఆ ఆగిన పనంతా హడావిడిగా మొదలవుతుంది.

ఇక్కడ ఓ మాట. యాపిల్ పండేటప్పుడు పళ్లను మాగబెట్టే ఇథిలీన్ వాయువును బాగా వదులుతుంది. చక్కెరకేళి అత్తం పక్కన యాపిల్ పళ్లు పెడితే ఆ అరటిపళ్లు రెండు రోజుల ముందే మాగిపోతాయి. అరటి వదిలే ఇథిలీన్ యాపిల్‌ను మెత్తబరుస్తుంది. రెంటినీ వేరువేరుగా ఉంచడం మంచిది.

ఇక వంట. మధ్యరకం పళ్లు నాలుగు, నెయ్యి రెండు పెద్ద చెంచాలు, పంచదార మూడు పెద్ద చెంచాలు, అర నిమ్మచెక్క, వేలెడు దాల్చినచెక్క, చిటికెడు ఉప్పు. చాలు. తొక్క తీసి, గింజల భాగం తొలగించి, అంగుళం ముక్కలు చేసుకోవాలి. కోసిన ముక్కలు ఎరుపెక్కడానికి కారణం మనకు అరటికాయ దగ్గర బాగా తెలిసినదే. అరటికాయ ముక్కల్ని మజ్జిగ నీళ్లలోనూ, వంకాయ ముక్కల్ని ఉప్పు నీళ్లలోనూ ఎందుకు వేస్తామో ఇక్కడా అందుకే నిమ్మరసం పిండుతాం. పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలి తగలగానే పండులోని పాలీఫీనాళ్లను గోధుమరంగుకు తిప్పుతుంది. పులుపు, ఉప్పు దాని చేతులు కట్టేస్తాయి. అదే పాలీఫీనాళ్లు ఇనుముతో కలిస్తే నల్లబడతాయి గనుక ఇనప మూకుడు వద్దు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకోవాలి.

నెయ్యి వేడెక్కాక ముందు దాల్చినచెక్క. దాని వాసనకు మూలమైన సిన్నమాల్డిహైడ్ నీటిలో కంటే కొవ్వులో బాగా కరుగుతుంది. ముక్కలు ఉడికాక పొడి చల్లితే వాసన పైపైనే ఉంటుంది. నెయ్యిలో వేగితే ప్రతి ముక్కకూ అంటుతుంది.

తర్వాత ముక్కలు వేసి, మూత పెట్టి, సన్న సెగ. ఇప్పుడు జరిగేది దగ్గరగా చూడదగ్గది. యాపిల్ ఘనపరిమాణంలో ఇంచుమించు నాలుగో వంతు గాలే. అందుకే అది బకెట్ నీళ్లలో తేలుతుంది. పచ్చి ముక్క తెల్లగా కనిపించడానికి కారణం కూడా కణాల మధ్య ఉన్న ఆ గాలి ఖాళీలే. వెలుగు వాటి మీద పడి చెదిరిపోతుంది. మూడు నాలుగు నిమిషాల తర్వాత మూత తీస్తే ముక్కల అంచుల చుట్టూ సన్నటి నురగ కనిపిస్తుంది. అది లోపలి గాలి బయటపడుతున్న గుర్తు. ఆ ఖాళీల్లోకి రసం చేరుతున్న కొద్దీ ముక్క అంచుల నుంచి లోపలికి గాజులా మారుతుంది. మధ్యలో కాసేపు తెల్లటి బొట్టు మిగులుతుంది, ఆ తర్వాత అదీ పోతుంది. గిన్నె నిండా ఉన్నవి సగానికి దిగిపోతాయి. ఉడికిందో లేదో గరిటెతో పొడిచి చూడక్కర్లేదు, ఆ తెల్లటి బొట్టు చెబుతుంది.

ఈ వంటకం మొత్తంలో నిజంగా ఆలోచించాల్సింది పంచదార ఎప్పుడు వెయ్యాలన్నదే. 80 డిగ్రీలు దాటాక పెక్టిన్ కరిగి నీటిలోకి వస్తుంది, ముక్క గుజ్జవుతుంది. ఆ పని జరగాలంటే చుట్టూ వదులుగా నీరుండాలి. పంచదార ముందే వేస్తే అది ఆ నీటిని తనవైపు లాగి పట్టుకుంటుంది, పెక్టిన్ కరగడం మందగిస్తుంది, ముక్క నిలబడుతుంది. నిమ్మరసం కూడా మితంగా ఆ పక్షమే. ముక్కలు మెత్తబడ్డాక పంచదార వేస్తే అప్పటికే పెక్టిన్ కరిగిపోయి ఉంటుంది, చిక్కటి గుజ్జు వస్తుంది. పిండిబారిన పళ్లలో పెక్టిన్ కొంతవరకు ముందే కరిగిపోయింది కాబట్టి వాటికి పంచదార మొదట్లోనే పడాలి. గట్టి పచ్చ యాపిల్ అయితే ఎప్పుడు వేసినా తట్టుకుంటుంది. పళ్లు తెచ్చే వీలుంటే నేను రెండు రకాలూ కలుపుతాను. పిండిబారినవి కరిగి పాకమవుతాయి, పచ్చవి అందులో ముక్కలుగా మిగులుతాయి.

పెక్టిన్‌కు ఇంకో చుట్టం ఉంది, కాల్షియం. పెక్టిన్ గొలుసుల మధ్య అది చేరితే పట్టు బిగుస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లతో కందిపప్పు ఎంతకీ ఉడకదని, కాలవ నీళ్లు పోస్తే మెత్తగా ఉడుకుతుందని పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు. గడుసు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాల పెక్టిన్‌ను బిగదీస్తాయి. ఆగ్రా పేఠా చేసేవాళ్లు బూడిద గుమ్మడి ముక్కల్ని సున్నపు నీటిలో నానబెట్టేదీ ఈ పట్టు కోసమే. యాపిల్‌లో కొంత కాల్షియం సహజంగానే ఉంది. ముక్కల్ని మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు 60 డిగ్రీల చుట్టూ, అంటే బుడగలు రానంత సన్న సెగ మీద ఉంచితే పండులోని ఓ ఎంజైము పెక్టిన్‌ను కాల్షియంతో జతకట్టేలా మారుస్తుంది. ఆ తర్వాత ఎంత మరిగించినా ముక్క అంత తేలిగ్గా చితకదు. వేడి పెరిగాక ఆ ఎంజైము నశిస్తుంది కాబట్టి ఈ పని మొదట్లోనే జరగాలి. తొందరపడి పెద్ద మంట పెడితే ఈ అవకాశం పోతుంది.

బెల్లంతో చేస్తే? చక్కగా ఉంటుంది. మన వైపు నాలుకకు దాల్చినచెక్క కంటే బెల్లం, యాలకులు, కొబ్బరి కోరే దగ్గరవి. బెల్లంలో కూడా కాల్షియం వంటి ఖనిజాలు ఉంటాయి, కనుక ముక్క నిలుస్తుంది. అయితే పాలతో మాత్రం జాగ్రత్త. పరమాన్నం దించి కాస్త చల్లారాకే బెల్లం కలపాలని ప్రతి ఇంట్లోనూ తెలుసు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ పులుపు తగిలితే గడ్డకడుతుంది, వేడి మీద ఉంటే తక్కువ పులుపుకే విరుగుతుంది. యాపిల్‌లో మాలిక్ ఆమ్లం, పైన నిమ్మరసం, ఇంకా బెల్లం కూడానా. మరిగే పాలలో ఇవి పడితే విరగడం ఖాయం. పాలతో తినాలనిపిస్తే యాపిల్ విడిగా చేసి, గోరువెచ్చగా అయ్యాక, పైన చల్లటి గేదె పాల మీగడ వేసుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే మేలు. మీగడలో కొవ్వు ఎక్కువ, కేసిన్ తక్కువ, మరగడం లేదు, కనుక విరగదు. పులుపును కూడా అది మెత్తబరుస్తుంది.

ముక్కలు గాజులా అయ్యాక మూత తీసెయ్యాలి. గిన్నెలో నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, రంగు రాదు. నీరు ఇగిరి, నెయ్యి పక్కలకు తేలి, బుడగలు పెద్దవై నిదానంగా పేలుతుంటే అప్పుడు వేడి పెరుగుతోందన్నమాట. యాపిల్ చక్కెరల్లో సగానికి పైగా ఫ్రక్టోజ్. అది దాదాపు 110 డిగ్రీలకే ఎరుపెక్కడం మొదలుపెడుతుంది. మామూలు పంచదారకు 160 దాకా వెళ్లాలి. అందుకే యాపిల్ పాకం మన కళ్లముందే ఉన్నట్టుండి బంగారు రంగుకు తిరుగుతుంది, ఇంకో నిమిషానికి చేదెక్కుతుంది. రంగు తిరగ్గానే దించాలి. మోరి జీడిపప్పు దొరికితే విడిగా నేతిలో దోరగా వేయించి పైన చల్లుకోవచ్చు.

అప్పటికి వాసన కూడా మారి ఉంటుంది. పచ్చి యాపిల్ పరిమళంలో ఎక్కువ భాగం ఎస్టర్లు అనే తేలిగ్గా ఎగిరిపోయే పదార్థాలు, అవి ఆవిరితో పాటు వెళ్లిపోతాయి. కానీ పండులో చక్కెరకు అంటిపెట్టుకుని వాసన లేకుండా పడి ఉన్న కొన్ని పదార్థాలు వేడికి, పులుపుకు విడివడి బీటా డమాసినోన్‌గా మారతాయి. గులాబీ నూనెలోనూ ఉండే పదార్థం అది, అణుమాత్రమున్నా ముక్కు పసిగడుతుంది. ఉడికిన యాపిల్‌కు ఉండే ఆ తేనెలాంటి నిండు వాసన పచ్చి పండులో ఎందుకు దొరకదంటే ఇందుకే.

దించగానే తినకూడదు. నాలుక కాలుతుందని మాత్రమే కాదు, అప్పుడు తీపి తగ్గుతుంది. ఫ్రక్టోజ్ అణువు వేడి ద్రావణంలో తక్కువ తీపి ఉన్న రూపాల వైపు మళ్లుతుంది, చల్లారే కొద్దీ ఎక్కువ తీపి రూపానికి తిరిగొస్తుంది. మరీ చల్లబడినా నష్టమే. తీపి కబురును మోసే టీఆర్‌పీఎం5 అనే ద్వారం నాలుక కణాల్లో 15 నుంచి 35 డిగ్రీల దాకా వెచ్చదనం పెరిగే కొద్దీ చురుగ్గా పనిచేస్తుందని బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో నేచర్ పత్రికలో వెల్లడించారు. ఈ రెండూ కలిసొచ్చేది గోరువెచ్చదనం దగ్గరే. గిన్నె అడుగు అరచేత్తో పట్టుకోగలిగినప్పుడు వడ్డించాలి. పంచదార చాలలేదనిపిస్తే అప్పుడు రుచి చూసి తేల్చుకోవాలి తప్ప, పొయ్యి మీద ఉండగా కాదు.

మిగిలితే మన గాలి తేమలో రాత్రంతా బయట ఉంచొద్దు. జామ్ నిలవుండేది నూటికి 60 పాళ్లకు పైగా పంచదార ఉండబట్టి. ఇందులో అంత లేదు, తెల్లారేసరికి పులిసే అవకాశముంది. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. కరిగిన పెక్టిన్ చల్లదనానికి మళ్లీ చిక్కబడి, నెయ్యి గడ్డకట్టి, మొత్తం ముద్దలా కనిపిస్తుంది. పాడైందని అనుకోనక్కర్లేదు. రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టి సన్న సెగ మీద ఐదు నిమిషాలుంచితే పాకం వదులవుతుంది, ముక్కలు విడతాయి. పులుపు తగ్గినట్టనిపిస్తే నిమ్మరసం నాలుగు చుక్కలు దించాక పిండుకోవచ్చు.