ఆదివారపు బడి: పుస్తకాలు, బహుమతులు, పండుగ కూడికల గురించిన అపోహలు – వాస్తవాలు

సత్తెనపల్లి వైపు ఒక ఊరి సంఘంలో ఇరవై రెండేళ్ళుగా ఆదివారపు బడి నడుపుతున్నాను. ఉదయం ఆరాధనకు ముందు గంటసేపు, చర్చి వెనుక వేపచెట్టు కింద పరచిన పట్టాల మీద, మూడేళ్ళ పిల్లల దగ్గర నుంచి పదో తరగతి పిల్లల వరకు నలభై మందికి పైగా కూర్చుంటారు. ఈ పనికి కొత్తగా వచ్చే యౌవనస్థుల నోట, తల్లిదండ్రుల నోట, అప్పుడప్పుడు సంఘ పెద్దల నోట కూడా కొన్ని మాటలు తరచుగా వినబడుతుంటాయి. వాటిలో కొన్నింటిని నేనూ చాలాకాలం నిజమనే నమ్మి, ఆ నమ్మకంతో పిల్లలను నొప్పించాను కూడా. అందుకే ఇది రాయాలనిపించింది.

అపోహ: బహుమతులు ఇవ్వకపోతే పిల్లలు రారు.

వాస్తవం: బహుమతి కోసమే వచ్చిన పిల్లలు, అది అందిన మరుసటి వారం రారు. క్రిస్మస్‌కు కిటకిటలాడిన పట్టాలు జనవరిలో సగం ఖాళీ అవడం ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ చూసిందే. ఏడాది పొడవునా వచ్చే పిల్లలను ఎందుకొస్తున్నారని అడిగితే, తమను పేరు పెట్టి పిలిచే టీచరు గురించో, పక్కన కూర్చునే స్నేహితుల గురించో, పాటల గురించో చెబుతారు.

కొన్నేళ్ళ క్రితం మేము హాజరు కార్డులు అచ్చు వేయించాం. వచ్చిన ప్రతి ఆదివారానికీ ఒక నక్షత్రం ముద్ర వేసేవాళ్ళం. నలభై ముద్రలు దాటినవారికి సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందు సంఘంలో జరిపే వేడుక) రోజున స్టీలు టిఫిన్ బాక్సు, ఇరవై దాటినవారికి జామెట్రీ బాక్సు, మిగిలినవారికి రెండేసి పెన్సిళ్ళు అని ప్రకటించాం. మూడో తరగతి చదివే ఒక పాప కార్డులో పదకొండు ముద్రలే ఉన్నాయి. వాళ్ళ అమ్మ మిరపకోతలకు, పత్తి తీతకు వెళ్ళేది. కూలి పనికి ఆదివారమని సెలవుండదు కాబట్టి, ఏడాది నిండని తమ్ముణ్ణి ఆ పాపే చూసుకునేది. పేరు పిలిచినప్పుడు తమ్ముణ్ణి చంకనెత్తుకుని ముందుకు వచ్చి, పెన్సిళ్ళు తీసుకుని, చేతిలోని కార్డును నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుంది. దేవుడు తన కుమారుణ్ణి మనకు ఉచితంగా ఇచ్చాడని అరగంట ముందు మైకులో చెప్పింది నేనే. ఆయన పేరు మీద ఇచ్చే కానుకకు హాజరుతో లంకె పెట్టిందీ నేనే. ఆ గుప్పిట నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

ఆ మరుసటి సంవత్సరం నుంచి కార్డులు మానేశాం. క్రిస్మస్ కానుక అందరికీ ఒకటే: పోయినేడాది ఆరు నోటుపుస్తకాలు, అంతకు ముందు ఏడాది నీళ్ళ సీసా. మొదటిసారి వచ్చిన బిడ్డకూ, అక్క వెంట వచ్చిన చంటివాడికీ అదే. కంఠత వాక్యాల పోటీకి, బైబిల్ క్విజ్‌కు బహుమతులు వేరుగా ఉంటాయి, ఎందుకంటే అవి పిల్లలు పడిన శ్రమకు దక్కేవి, ఆ సంగతి పిల్లలకూ తెలుసు. మరొక నియమం కూడా పెట్టుకున్నాం. కానుకల ఖర్చు కోసం హైదరాబాదు నుంచి, డాలస్ నుంచి మా ఊరివాళ్ళు డబ్బు పంపుతారు. వారికి కొట్టు రసీదు, పిల్లల సంఖ్య పంపుతాం తప్ప, కానుక పట్టుకుని వరుసగా నిలబడిన పిల్లల ఫోటో పంపం. ఆ ఫోటోలో నిలబడాల్సి రావడం కూడా పిల్లవాడికి ఒక షరతుగానే అనిపిస్తుందని నా నమ్మకం. దాతల్లో ఒకరిద్దరు మొదట్లో నొచ్చుకున్నారు గానీ, విషయం వివరించాక అందరూ ఒప్పుకున్నారు.

అపోహ: మంచి బొమ్మల బైబిల్ కొనిస్తే పిల్లలే చదువుకుంటారు.

వాస్తవం: పుస్తకంతో పాటు చదివి వినిపించే మనిషీ కావాలి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడులు మొదలుపెట్టినప్పుడు, వారమంతా పనిచేసి ఆదివారం వీధుల్లో తిరిగే పేద పిల్లలకు ముందుగా నేర్పించింది అక్షరాలు. మన దగ్గరా అంతే. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ బడులు తెరిచారు. తరువాతి కాలంలో మాల, మాదిగ పల్లెల్లో మిషన్ బడే మొదటి బడి అయిన ఊళ్ళు మా ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. పిల్లలందరూ బడికి వెళుతున్నారు, కానీ ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లల్లో చాలామంది తెలుగు బైబిల్‌లో ఒక్క వచనాన్ని కూడబలుక్కోకుండా చదవలేరు. అమెరికాలో పెరుగుతున్న మా ఊరివాళ్ళ పిల్లలదీ ఇదే ఇబ్బంది.

చదవగలిగిన పిల్లలకు మరో చిక్కు ఉంది. మన తెలుగు బైబిల్ భాష పాతది. ఆ భాషంటే నాకు ఎంతో ఇష్టం, దాన్ని పిల్లలకు దూరం చేయాలని నేననను. కానీ ఇరవై మూడో కీర్తన గడగడా అప్పజెప్పిన ఒక అబ్బాయిని ఆపి, మొదటి వచనం మెల్లగా చెప్పమన్నాను. “యెహోవా నా కాపరి నాకు ఏమీ కలుగదు” అన్నాడు. నాకు ఏ ఆపదా రాదని దేవుడు మాటిచ్చాడని వాడు అర్థం చేసుకున్నాడు. బైబిల్‌లో ఉన్నది “నాకు లేమి కలుగదు” అని. “లేమి” అనే మాట వాడెప్పుడూ విననే లేదు. ఆ వారమే వాడు సైకిలు మీద నుంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. కట్టు చూపిస్తూ, “మరి నాకు ఇదెందుకైంది టీచర్?” అని వాడు అడిగిన తీరులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఒక్క అక్షరం మారితే, తాను నమ్ముకున్న వాగ్దానమే తప్పిందని ఒక పిల్లవాడు అనుకునే దాకా వచ్చింది.

అప్పటి నుంచి వచనం కంఠతా పట్టించే ముందు దాన్ని ఇంటి మాటల్లోకి తెచ్చుకుంటాం. నేను చదువుతాను, పిల్లలు తమ మాటల్లో చెబుతారు, ఆ తర్వాతే కంఠత. ఆవగింజ ఉపమానం రోజున పోపుల డబ్బాలోంచి ఆవాలు తెచ్చి ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క గింజ పెడతాను. గాలికి ఎగిరిపోకుండా గుప్పిట మూసుకుని వింటారు. యేసును చూడడానికి జక్కయ్య ఎక్కింది మేడిచెట్టని మన బైబిల్‌లో ఉంది కాబట్టి, ఆ పాఠం మాత్రం కాలువ గట్టున ఉన్న మేడిచెట్టు కింద చెబుతాం.

పుస్తకం కొనేవారికి నేను చెప్పేది ఇంతే: పేజీకి ఒక బొమ్మ, రెండు వాక్యాలకు మించకుండా పెద్ద అక్షరాలు ఉన్నవి చిన్నవారికి కొనండి, కొనే ముందు ఆ పుస్తకాన్ని పిల్లల పక్కన కూర్చుని చదివేది ఎవరో ఇంట్లో అనుకోండి. బొమ్మల్లో యేసుప్రభువుకు పసుపుపచ్చ జుట్టు, నీలికళ్ళు ఉంటే, ఆయన పశ్చిమాసియాలో బేత్లెహేములో యూదుల ఇంట పుట్టినవాడని చెప్పండి. చెప్పకపోతే ఆయన అమెరికావాడనుకునే పిల్లలు ఉన్నారు.

అపోహ: నరకం గురించి భయపెడితేనే పిల్లలకు భక్తి అబ్బుతుంది.

వాస్తవం: “భయభక్తులు” అని బైబిల్‌లో ఉన్నది దేవుని ఎదుట ఉండే వినయం, గౌరవం, రాత్రి దీపం ఆర్పనివ్వని దడకు దానితో సంబంధం లేదు. ఒక కూడికలో అగ్నిగుండం వర్ణన విని, పది రోజుల పాటు ఒంటరిగా పడుకోలేకపోయిన ఆరేళ్ళ పిల్లవాణ్ణి నేను ఎరుగుదును. పాపం, క్షమాపణ పిల్లలకు చెప్పాల్సిన సంగతులే. తప్పిపోయిన గొర్రె కథతో చెబితే చాలు: దారి తప్పిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్ళి భుజాన వేసుకొచ్చిన కాపరి మనస్సు వారికి ఇట్టే అర్థమవుతుంది.

అపోహ: పిల్లల కూడికలంటే వేదిక మీద ప్రదర్శనలు.

వాస్తవం: క్రిస్మస్ నాటికకు నెల రోజులు రిహార్సల్ చేయించి, బాగా మాట్లాడే పదిమందికి పాత్రలిచ్చి, మిగతా ముప్పైమందిని ప్రేక్షకుల్లో కూర్చోబెట్టే అలవాటు మాకూ ఉండేది. ఇప్పుడు గొర్రెల కాపరులు ఎంతమందైనా ఉండవచ్చునని నిర్ణయించుకున్నాం, దేవదూతలూ అంతే. కానీ పిల్లలు సంఘంలో ఒకరమని అనుకునేది నాటిక రోజు కన్నా పెద్దలతో కలిసి పనిచేసిన రోజుల్లోనే. ఈస్టర్‌కు ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు ఈత మట్టలు కొట్టుకొచ్చి కట్టలు కట్టడం, క్యారల్స్ రాత్రుల్లో పెద్దవాళ్ళ వెంట ఇల్లిల్లూ తిరిగి ఆ ఇంటివాళ్ళు ఇచ్చిన టీ తాగి గొంతు సవరించుకోవడం, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో నీళ్ళు అందించడం, ఇవన్నీ వారికి గుర్తుండిపోతాయి.

అన్నింటిలోకీ నాకు ఇష్టమైనది కోత పండుగ. కుటుంబాలు వడ్లు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతాయి, ఆరాధన తర్వాత వేలంపాట జరుగుతుంది. పిల్లలు తమ ఇంట్లో తాము పెంచినది ఏదో ఒకటి, పెరట్లో ఒక బీరకాయో, గుప్పెడు గోంగూరో, తెచ్చి స్వయంగా పెట్టాలని అడుగుతాం. అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు తెచ్చిన చిన్నవాడి కథ ఆ రోజే చెబుతాం. తాను తెచ్చిన బీరకాయను ఒక పెద్దాయన యాభై రూపాయలకు పాడుకున్నప్పుడు ఆ పిల్లవాడి ముఖం చూడాలి! ఎప్పుడూ పుచ్చుకునే చేతులుగానే చూసే పేద పిల్లలకు, ఇచ్చే అవకాశం కల్పించడం నా దృష్టిలో ఏ బహుమతి కన్నా పెద్దది.

వేసవి సెలవుల బైబిల్ పాఠశాల (వీబీఎస్) గురించి ఒక మాట. 1898లో న్యూయార్కులో ఎలైజా హాస్ అనే ఆవిడ, సెలవుల్లో వీధుల్లో తిరుగుతున్న పిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకు తీసుకుని ఇలాంటి బడి నడిపారు. పిల్లలున్న చోటికే బడి వెళ్ళాలన్న ఆవిడ ఆలోచన నాకు నచ్చి, మేమూ వీబీఎస్‌ను రెండు చోట్ల పెడుతున్నాం: సగం రోజులు చర్చి ఆవరణలో, సగం రోజులు కాలనీ చివర చింతచెట్టు కింద. మే నెల ఎండలకు ఏడింటికి మొదలుపెట్టి పదిన్నరకు మజ్జిగ ఇచ్చి పంపేస్తాం.

అపోహ: పిల్లలకు యేసు గురించి చెప్పడమంటే మతం మార్చడమే. దీని పక్కనే, సంఘం లోపల వినబడే మరో అపోహ: ఇతర మతాల పిల్లలను ఎలాగైనా రప్పించాలి.

వాస్తవం: రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ తన మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో చెప్పింది. ప్రభుత్వ గుర్తింపు లేదా ఆర్థిక సాయం ఉన్న విద్యాసంస్థల్లో మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరుకావాలని ఒత్తిడి చేయరాదని 28వ అధికరణం చెబుతోంది. ఆ అధికరణం విద్యాసంస్థలకు సంబంధించినదే అయినా, మేము వీబీఎస్‌కూ దాన్నే కొలతగా పెట్టుకున్నాం. క్రైస్తవేతర కుటుంబాల పిల్లలు స్నేహితుల వెంట వస్తారు, రావద్దనం. మొదటి రోజే వాళ్ళ ఇంటికి వెళ్ళి, ఇక్కడ బైబిల్ కథలు చెబుతామని, ప్రార్థన చేస్తామని అరమరికల్లేకుండా చెప్పి, తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేస్తేనే మరుసటి రోజు నుంచి కూర్చోనిస్తాం. వద్దన్న ఇళ్ళూ ఉన్నాయి. ఆ పిల్లలు సాయంత్రం క్రికెట్‌లో మా పిల్లలతోనే ఆడతారు, మాలో ఎవరూ వారికి గుడి గురించి గానీ చర్చి గురించి గానీ ఒక్క మాట అనకూడదని టీచర్లకు చెప్పాను. తల్లిదండ్రుల కళ్ళుగప్పి వారి బిడ్డకు చెప్పే సువార్తను నేను సువార్తగా ఎంచలేను.

అపోహ: చర్చిలో పిల్లల భద్రత గురించి బెంగ అక్కరలేదు.

వాస్తవం: నమ్మకం ఎక్కువగా ఉన్న చోటే జాగ్రత్త ఎక్కువ కావాలి. మా దగ్గర ఏ తరగతిలోనూ ఒక్క టీచరే ఉండరు, ఇద్దరు ఉంటారు. మూసిన గదిలో పాఠం చెప్పం. క్యారల్స్ రాత్రి ప్రతి పిల్లవాణ్ణీ ఇంటి గడప దాకా దిగబెడతాం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. సంఘం పరువు పోతుందని లోపలే సర్దుబాటు చేసుకోవడానికి వీల్లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు మా చర్చి తలుపు లోపలి వైపు, పిల్లల కంటికి అందే ఎత్తులో రాసి ఉంది.

అపోహ: పిల్లలకు విశ్వాసం నేర్పించడం ఆదివారపు బడి టీచర్ల పని.

వాస్తవం: వారంలో మా చేతిలో ఉండేది ఒక గంట. పౌలు శిష్యుడైన తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని పౌలు రాశాడు. మా పల్లెల్లో తల్లిదండ్రులు తెల్లవారకముందే పనికి వెళతారు కాబట్టి చాలా ఇళ్ళలో ఆ పని అవ్వలదే. వాళ్ళలో చాలామందికి చదువు రాదు, కానీ కీర్తనలు నోటికి వచ్చు.

మోచేయి విరిగిన అబ్బాయికి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. లేమి అంటే ఏమిటో మీ నాయనమ్మను అడిగి రమ్మన్నాను. మరుసటి వారం వచ్చి చెప్పాడు: “పొయ్యి వెలిగించడానికి ఇంట్లో గింజ లేని రోజంట టీచర్. మా నాయనమ్మ చిన్నప్పుడు అట్లాంటి రోజులు చాలా ఉన్నాయంట. అప్పుడు కూడా ఎవరో ఒకళ్ళు శేరు జొన్నలు తెచ్చిచ్చేవాళ్ళంట.” మిగతా పిల్లలు ఆ శేరు ఎంత ఉంటుందని వాణ్ణే అడిగారు. ఆ తర్వాతి ఆదివారం వాడు ఇంట్లోంచి ఇత్తడి శేరు తెచ్చి చూపించాడు.

ఇప్పుడు మేము ప్రతి వారం ఇచ్చే కంఠత వాక్యం చీటీ కింద, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోవాల్సిన మాట ఒకటి రాసి పంపుతున్నాం.