పేరు పక్కన బట్టల సైజు

కర్నూలులో నాట్యం క్లాసుల గొడవ మళ్ళీ రాజుకుంది. ఈసారి రేగింది బెత్తం దగ్గర కాదు. రంగప్రవేశానికి, అంటే వేదిక మీద తొలి ప్రదర్శనకు, రెండు నెలల ముందు 12 ఏళ్ల పాపతో టీచరమ్మ అన్న మాట దగ్గర: పొద్దున్నే బరువు చూసి గ్రూపులో పెట్టమని. పాప రాత్రిపూట అన్నం మానేసింది. అరమండిలో (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయని చెబితే, అది సాకు అన్నారట. "కొట్టి ఉంటే వాత చూపించి అడిగేదాన్ని. దీన్ని ఎట్ల చూపించాల సార్?" అని ఆ తల్లి అడిగింది.

ఆమె ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా పోవాలి. 2019 ఏప్రిల్‌లో ఫాల్టర్ అనే వారపత్రిక అక్కడి స్టేట్ ఒపేరా బాలే అకాడమీ, అంటే యూరప్ నాట్యమైన బాలేను పిల్లలకు నేర్పే బడి, గుట్టు బయటపెట్టింది. పిల్లల్ని కొట్టడం, జుట్టు పట్టి లాగడం, రక్తం వచ్చేలా గిచ్చడం, ఒళ్ళు గురించి హేళన చేయడం. ఒక ఉపాధ్యాయుడి మీద లైంగిక ఆరోపణ కూడా వచ్చింది. ఎక్కువ ఫిర్యాదులున్న టీచరును అప్పటికే తీసేశారు. మన దగ్గరైతే కథ కంచికి వెళ్ళేది.

అక్కడ వెళ్ళలేదు. ప్రభుత్వం వేసిన కమిషన్ డిసెంబరులో నివేదిక ఇచ్చింది. సన్నగా ఉండటానికి సిగరెట్ తాగమని పిల్లలకు సలహా ఇచ్చారని అందులో ఉంది. పిల్లల్ని పేరుతో పాటు బట్టల సైజు కలిపి పిలిచేవారని కూడా ఉంది. వైద్యం, మానసిక చికిత్స ఏర్పాట్లు చాలవని, పిల్లల క్షేమం తమ బాధ్యతేనన్న ఎరుక సంస్థకే లేదని తేల్చింది. నా లెక్కలో మలుపు ఇదే. అంతవరకు అందరూ "ఎవరు కొట్టారు?" అని అడిగారు. ఆ రోజు నుంచి "పిల్లల్ని ఎవరు చూసుకున్నారు?" అని అడగడం మొదలైంది. ఆకలి, అవమానం కూడా దెబ్బల పద్దులోకి వచ్చాయి. 2023 సెప్టెంబరులో బీబీసీ కార్యక్రమం పనోరమాతో బ్రిటన్‌లోని రాయల్ బాలే స్కూలు, ఎల్మ్‌హర్స్ట్ బాలే స్కూళ్ల పూర్వ విద్యార్థులు 50 మందికి పైగా మాట్లాడారు. వాళ్ళు చెప్పుకున్నదీ ముఖ్యంగా ఒళ్ళు గురించిన మాటలే.

బాలేకీ మన నాట్యానికీ ఏం సంబంధం అంటారేమో. భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ మొదట నేర్చుకున్నది బాలేనే, రష్యన్ బాలే నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర. ఆమె చెన్నైలో 1936లో పెట్టిన కళాక్షేత్ర ఈనాటికీ దక్షిణాదిన నాట్యం నేర్చుకునే పిల్లలకు పెద్ద గుడి లాంటిది. అదే ఆవరణలో 2023 మార్చి చివర విద్యార్థినులు బైఠాయించారు. లైంగిక వేధింపులతో పాటు ఒంటి రంగు, ఆకారం మీద మాటలు కూడా వాళ్ళ ఫిర్యాదుల్లో ఉన్నాయి. సంస్థ మొదట పుకార్లంది. ఏప్రిల్ 3న ఒక అధ్యాపకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు.

గురువుల మాట కూడా చెప్పాలి. వేదిక మీద తడబడితే నవ్వేది జనం, ఆ నవ్వు నుంచి కాపాడటానికే కఠినంగా ఉంటామంటారు. తామూ అలాగే నేర్చుకున్నామంటారు. "దండం దశగుణం భవేత్" అని మన తాతలు వీధిబళ్ళలో కోదండం వేయించిన కాలం నాటి మాట. క్రమశిక్షణ లేనిదే జతి రాదన్నది నిజమే. దానికీ తూకం యంత్రానికీ ఉన్న చుట్టరికమేమిటో నాకు మాత్రం అంతుబట్టలేదు.

ఇక చట్టం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. కానీ అది బడికి. సాయంత్రం ఆరింటికి మేడ మీద గదిలో జరిగే క్లాసుకు అది అందదు. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది, పిల్లలు తమ అధీనంలో ఉండగా వాళ్ళకు అనవసరంగా శారీరక, మానసిక బాధ కలిగించే వారికి వర్తిస్తుంది. దాన్ని వాడాలంటే పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. పన్నెండేళ్ల పాప బరువు గురించి స్టేషన్‌కు ఎవరు పోతారు? పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయొచ్చు, మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416 ఉంది. ఈ రెండు నంబర్లూ నేను వెళ్ళిన ఏ క్లాసు గోడ మీదా కనిపించలేదు. గజ్జెపూజ ఫొటోలు మాత్రం వరుసగా ఉన్నాయి.

ఇప్పుడు తల్లిదండ్రులు అడుగుతున్నవి మూడే: బరువు చూడొద్దు, నొప్పి అంటే ఆ రోజు ఆడించొద్దు, క్లాసు జరుగుతుండగా తల్లుల్లో ఒకరు లోపల కూర్చోవాలి. ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చారు. మొదటి రెండింటికీ టీచరమ్మ తలూపారు. మూడోదాని దగ్గర ఆగిపోయారు. కాగితం ఇంకా ఆమె దగ్గరే ఉంది.