ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టర్ పదవి: అపోహలు - వాస్తవాలు

నా ఉద్యోగ జీవితమంతా నిఘా నివేదికలు రాయడంలోనే గడిచింది. ఇక్కడ చెబుతున్నవి ప్రచురిత చట్టాలలో, తీర్పులలో, బహిరంగ రికార్డులలో ఉన్నవే.

అపోహ: డైరెక్టరు తలచుకుంటే ఎవరినైనా అరెస్టు చేయించగలరు.
వాస్తవం: దేశం లోపలి నిఘా చూసే సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరో. 1887లో పుట్టిన ఈ బ్యూరోకు నేటికీ అరెస్టు చేసే అధికారం లేదు. సమాచారం సేకరించి, దాని విలువను తూచి, రాష్ట్ర పోలీసులకో జాతీయ దర్యాప్తు సంస్థకో అందజేయడమే దాని పని. హైదరాబాదులో ఒకరిని అదుపులోకి తీసుకోవాలంటే చట్టప్రకారం ఆ అధికారం ఉన్న పోలీసులే కదలాలి.

అపోహ: ఆయన ఏ ఫోనైనా వినవచ్చు.
వాస్తవం: 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, ఫోన్లు వినడానికి కేంద్రంలో ఉత్తర్వు ఇవ్వవలసినది హోం శాఖ కార్యదర్శి. ఉత్తర్వు గడువు 60 రోజులు. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. అత్యవసర పరిస్థితుల్లో సంస్థ అధిపతి స్వయంగా అనుమతించవచ్చు గానీ, ఏడు పనిదినాల్లో హోం కార్యదర్శి ధ్రువీకరించకపోతే అది ఆగిపోవాలి. ఈ ఉత్తర్వులను కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఉండే కమిటీ సమీక్షిస్తుంది. ఆ కమిటీలో ఉన్నవారందరూ ప్రభుత్వ కార్యదర్శులే, న్యాయమూర్తి ఒక్కరూ లేరు. పౌరుని గోప్యతకు ఈ రక్షణ చాలదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అపోహ: దేశ నిఘా వ్యవస్థ మొత్తం ఆయన చేతిలో ఉంటుంది.
వాస్తవం: విదేశీ నిఘా 1968లోనే బ్యూరో నుంచి విడిపోయి, ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో 'రా' అనే వేరే సంస్థ అయింది. అమెరికాలో 2004 చట్టం సృష్టించిన, అన్ని నిఘా సంస్థలనూ సమన్వయపరిచే జాతీయ నిఘా డైరెక్టరు వంటి పదవి మనకు లేదు; సమన్వయ బాధ్యత జాతీయ భద్రతా సలహాదారుది.

అపోహ: దాడి జరిగిందంటే అది నిఘా వైఫల్యమే.
వాస్తవం: 2008 ముంబై దాడికి ముందు సముద్ర మార్గం గురించి హెచ్చరికలు వచ్చాయి. హెచ్చరికను అందుకున్నవారు దానిపై ఏం చేయాలో శాసించే అధికారం డైరెక్టరుకు లేదు. అలాగని ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నవేవీ లేని కాగితం పంపి చేతులు దులుపుకుంటే బాధ్యత తీరదు; తెలిసినదెంత, ఊహించినదెంత అని విడదీసి చెప్పడం ఈ పదవిలో అన్నిటికన్నా కష్టమైన పని.

అపోహ: బ్యూరో అధికారాలు ప్రత్యేక చట్టంలో రాసి ఉన్నాయి.
వాస్తవం: రాజ్యాంగంలో పార్లమెంటు చట్టాలు చేయగల విషయాల పట్టిక అయిన కేంద్ర జాబితా 8వ అంశంలో ప్రస్తావన ఉన్నా, బ్యూరోను స్థాపించి దాని విధులను నిర్వచించే పార్లమెంటు చట్టమేదీ లేదు. నిఘా సంస్థలను పార్లమెంటుకు జవాబుదారీ చేయాలని 2011లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుని బిల్లు చట్టం కాలేదు.